గట్టిగా చెప్పాల్సిన జవాబులు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ మనవరాలు పిచ్చుకా కులాసా. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. నీ మోకాళ్ల సంగతి నువ్వు రాయలేదు కానీ మరదలు ఫోన్లో చెప్పింది. మెట్లు దిగొద్దంటే ఇంకో రెండుసార్లు ఎక్కువ దిగుతున్నావట.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నేనేం చెప్పినా "ఆఁ, ఆఁ, మంచిదే" అంటావు. ఆ మధ్య మా ఆఫీసులో ఒకావిడ పోయిందని చెప్పినా మంచిదే అన్నావు. చెవి మిషనేమో డబ్బాలో భద్రంగా ఉంటుంది. అందుకే మనిద్దరికీ ఇంకా ఈ కాగితాలే దిక్కు.

నువ్వడిగినవి చెప్తాను. మనవరాలు వెళ్లేది యూరప్‌కే, ఒక్క సెమిస్టరుకే. అక్కడి కాలేజీలో భవనాలు గీయడం నేర్చుకుని, తిరిగొచ్చి మిగతా చదువు ఇక్కడే పూర్తి చేస్తుంది. లేదు, దీనికీ పెళ్లికీ ఏ సంబంధమూ లేదు. అన్నం వండడం వచ్చు, వండిన గిన్నె కడగడమే రాదు. ఉన్ని మేజోళ్లు కొన్నాం. అవి తొడుక్కుని హాల్లో నడవబోయి జారి పడింది. దెబ్బేం తగల్లేదు, అక్కడే కూర్చుని పడీపడీ నవ్వింది. వీసా వచ్చింది. పెట్టె మాత్రం కొనలేదు. నీ అల్లుడు క్యాంపులకు తీసుకెళ్లేవారే, ఆ నీలం పెట్టె. ఒక చక్రం కిర్రుమంటుంది. కొత్తది కొందామంటే వద్దంది. "ఈ చప్పుడు వినబడితే నాన్న మలుపు తిరిగాడని తెలిసేది కదమ్మా. అక్కడి వీధుల్లో కూడా కాస్త వినబడనీ" అంది. నేను వంటింట్లోకి వెళ్లి, సర్దిన గిన్నెలే మళ్లీ సర్దాను.

నేను పంపిన ఫొటోలో పిల్ల మొహం ఎందుకలా వాడిపోయిందని అడిగావు. ఆ ఒక్కదానికీ జవాబు రాయలేక ఈ ఉత్తరం ఇన్నాళ్లు ఆలస్యమైంది.

నీళ్లకేం పరీక్షలే, తాగి చూస్తే సరిపోదా అని నువ్వు ఎగతాళి చేస్తావే, నా ఉద్యోగం, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మా ల్యాబ్‌కి నీళ్ల సీసా రాగానే మందులేవీ కలపం. ముందు ఊరికే చూస్తాం, వాసన చూస్తాం. శాంపిల్ ఏది? అంటే, ఎక్కడి నీళ్లని. రంగేమిటి? వాసన ఉందా? తేటగా ఉందా? ఇవి రాసుకున్నాకే మిగతా పని. చిన్నప్పుడు సెలవుల్లో పిచ్చుక నా పక్కన స్టూలెక్కి కూర్చునేది కదా, ఈ ప్రశ్నలు దానికి ఎక్కాల్లా నోటికొచ్చు.

అమ్మా, పైన కులాసా అని రాశాను. అది చేతి అలవాటు. ఆయన బస్టాపులో కూలిపోయి మనకు లేకుండా పోయిన తర్వాత నాకొకటి మొదలైంది. ఉన్నట్టుండి ఊపిరి ఆడదు. చేతులు చల్లబడతాయి. నేనూ పోతున్నాననిపిస్తుంది. గుండెకు చేయాల్సిన పరీక్షలన్నీ చేశారు, బాగానే ఉందట. భయమేనన్నాడు డాక్టరు. మందు వాడుతున్నాను. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా పిచ్చుక నా ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్నలే అడుగుతుంది. ఒక్కోదానికి జవాబు చెప్పుకుంటూ నేను మెల్లగా ఒడ్డున పడతాను. నీకెందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? నాన్న పోయినప్పుడు నువ్విలా కూలబడడం నేను చూడలేదు. లేక నువ్వు చూడనివ్వలేదో.

ప్రయాణం ఖాయమయ్యాక అది తన బట్టలకంటే ముందు నన్ను సర్దడం మొదలుపెట్టింది. పక్కవాటా దర్జీ పిన్నిని కూర్చోబెట్టి ప్రశ్నలు నేర్పింది. ఆవిడ రంగు దాకా అడిగి, నా మొహం చూసి, తనే భోరుమంది. చివరికి పిల్ల ఆవిడనే అడగాల్సి వచ్చింది, "పిన్నీ, శాంపిల్ ఏది?" అని. ముగ్గురం నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాత దాని చేతిలో సర్దుడు నెమ్మదించింది.

పోయిన వారం కోటు కొనడానికి వెళ్లాం. అద్దం ముందు అటు తిరిగి తొడుక్కుంది. ఆ భుజాలు అచ్చం ఆయనవే. అంతే, ఊపిరి అందక కోట్ల స్టాండు పట్టుకున్నాను. షాపతను పరుగున స్టూలు తెచ్చాడు.

"అమ్మగారికి ధర విని కళ్లు తిరిగాయా? నేనింకా చెప్పనే లేదే!"

పిల్ల నవ్వలేదు. ఆ ఉక్కలో ఉన్ని కోటుతోనే నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, శాంపిల్ ఏది?"

"షాపు."

"రంగు?"

"నలుపు. అన్నీ కోట్లే."

"వాసన?"

"కలరా ఉండలు."

"తేటగా ఉందా?"

"లేదే. అంతా మసక."

"మడ్డి దిగనీ. తొందరేం లేదు."

షాపతను మంచినీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. "నీళ్లు మంచివేనమ్మా, పొద్దున్నే పట్టినవి" అన్నాడు. ఏ తనిఖీకో వచ్చామనుకున్నాడు పాపం.

కోటు కొన్నాం. బస్సులో కిటికీ వైపు చూస్తూ అంది, "నేను వెళ్లనమ్మా. రేపు కాలేజీలో సార్‌కి చెప్పేస్తాను."

ఛ, అవేం మాటలే అనాలి కదా? అనలేదు. అమ్మా, ఆ మాట వినగానే నాకు ఊపిరి హాయిగా ఆడింది. ఆయన పోయాక అంత తేలిగ్గా ఎప్పుడూ ఆడలేదు. పక్కన పిల్ల కోటు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నేను సంతోషించాను. నువ్వడిగిన వాడిన మొహానికి కారణం నేను. ఇది ప్రేమేనా, ప్రేమ పేరు పెట్టుకున్న భయమా? ల్యాబ్‌లో అనుమానమొస్తే ఇంకో సీసా నీళ్లు తెప్పించి మళ్లీ చూస్తాను. ఇక్కడ ఇంకో పిచ్చుకను ఎక్కడి నుంచి తేను?

మర్నాడు పొద్దున అది తల దువ్వుకుంటుంటే చెప్పాను.

"సార్‌కి ఏం చెప్పకు. నువ్వెళ్లు."

"వెళితే నిన్నెవరు అడుగుతారు?"

"అమ్మమ్మ."

"అమ్మమ్మా? ఆవిడకి వినబడితేగా!"

"అందుకేనే."

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. అర్థమయ్యాక నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "నువ్వు చెప్తే నమ్మను. వస్తానని అమ్మమ్మ తన చేత్తో రాయాలి. అప్పుడే టికెట్ తీసుకుంటాను" అంది. ఈ అనుమానం ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు.

అందుకని అమ్మా, అది తిరిగొచ్చేదాకా నువ్వు నా దగ్గర ఉండాలి. మాది కింది వాటా, మెట్లు లేవు. తమ్ముడు తెచ్చి దిగబెడతాడు. నువ్వు నన్ను ఓదార్చనక్కర్లేదు. తల నిమరొద్దు, నిమిరితే నేను మొత్తం కరిగిపోతాను. ఎదురుగా కూర్చుని నీ పెద్ద గొంతుతో ఆ ప్రశ్నలు అడుగు, చాలు. నేను గొణుగుతాను. నీకు వినబడదు. "ఏంటీ? గట్టిగా చెప్పు!" అంటావు. గట్టిగా చెప్పాలంటే లోపల ఊపిరుండాలి కదా. ఎక్కడున్నా వెతికి తెచ్చుకుంటాను. చెవి మిషను మాత్రం తీసుకురావద్దు.

నువ్వు రాలేకపోతే రాలేనని రాయి, నేనేమీ అనుకోను. కానీ ఆ కాగితం చదివి పిల్ల కోటు మడిచి లోపల పెట్టేస్తుంది, నేనేమో హాయిగా ఊపిరి పీల్చుకుంటాను. అదే నా భయమంతా.

పిచ్చుక ఇప్పుడు హాల్లో పెట్టె లాగి చూస్తోంది. చక్రం కిర్రుమంది. తెలిసి కూడా వీధి మలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. పెట్టెలో సగం బట్టలున్నాయి. మూత మూయలేదు, నీ జవాబు రావాలట. అక్షరాలు పెద్దవిగా రాయి. అది పైకి చదువుతుంది, నేను వినాలి.

ఇట్లు,
నీ గొంతు కోసం చూస్తున్న
నీ పెద్దది