తుమ్మి మొక్క, దగ్గు మందు

అక్కా,
లేదు, నేనేం నిద్రపోలేదు. లారీయే వెళ్ళిపోయింది. తుమ్మి మొక్కని కాగితాల మధ్య పెట్టి, పైన బాగా బరువుండాలి అన్నావు కదా. మా పంచర్ షాపులో లోడు లారీని మించిన బరువేముంది? టైరు కింద పెట్టా. టీ తాగొచ్చేసరికి డ్రైవరు బండి తీసేశాడు. నీ మొక్క ఏ ఊళ్ళో ఉందో ఆ టైరుకే తెలియాలి.
నీ తమ్ముడు
మర్చిపోయా: సగం ఆకు దొరికింది. హాస్టల్‌కి పంపనా?

ఒరేయ్ బుద్ధిమంతుడా,
ఆ సగం ఆకు నువ్వే దాచుకో. సోమవారానికి ఎండిన మొక్కని అట్ట మీద అంటించి ఇవ్వకపోతే నన్ను పరీక్షకి రానివ్వరు. ఇంకోటి పీకు. వేరు తెగకూడదు, పువ్వు రాలకూడదు. కాండం వేళ్ళ మధ్య తిప్పి చూడు, నాలుగు పలకలు తగలాలి. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. కణుపు దగ్గర బంతిలా గుత్తి, అందులోంచి తెల్ల పూలు, కింది పెదవి వేలాడేసుకుని, అచ్చం అలిగినప్పుడు నీ మొహంలా. బరువు అంటే ట్రంకు పెట్టె. బండి కాదు.
అక్క
తా.క. సైకిలు కూడా కాదు.

అక్కా,
పూసినవి మా షాపు ఎదురుగా, మందుల షాపు గోడ పక్కనే ఉన్నాయి. అక్కడ కౌంటర్లో ఒక అమ్మాయి ఉంటుంది. నేను వంగగానే "ఏం కావాలి?" అంది. మొక్క అనబోయి "దగ్గు మందు" అన్నా. ఇచ్చింది. తెచ్చుకున్నా. పొద్దున మళ్ళీ వెళ్ళా. మళ్ళీ అడిగింది. మళ్ళీ తెచ్చుకున్నా.
నీ తమ్ముడు
మర్చిపోయా: కాండం తిప్పి చూశా, పలకలే. అప్పుడే తల ఎత్తి చూసింది. వదిలేసి పరుగు.

ఒరేయ్ మొద్దూ,
"ఈ మొక్క పీక్కోనా?" మూడే మాటలు. లారీ టైరు విప్పేవాడివి, నోరు విప్పలేవా? నా చదువు నీ నాలుక మీద ఉందిరా.
అక్క
తా.క. ఇంకో సీసా కొన్నావంటే వీపు విమానం మోతే.

అక్కా,
తిట్టకు. నీ మొక్కని తాగేశా.
వెళ్ళి "ఈ..." అన్నా. తర్వాతి మాట రాక నిజంగానే దగ్గొచ్చింది. ఆ అమ్మాయి దగ్గుకి మంచిదని గోడ పక్క తుమ్మి అంతా పీకేసి, లోపల మరిగించి గ్లాసుతో తెచ్చింది. తాగేదాకా ఎదురుగా నిలబడింది.
నీ తమ్ముడు
మర్చిపోయా: చేదు. అయినా ఇంకో గ్లాసు అడిగా.

ఒరేయ్,
అంతా తాగేశావా? వేరు కూడానా? ఎండబెట్టడం నేనే చూసుకుంటా, రేపటి బస్సుకి మొక్క పంపు. లేదా నేనే వచ్చేస్తా, ఇద్దరం కలిసి పంచర్లు వేసుకుందాం.
అక్క
తా.క. దాని రంగు, రుచి నాకు చెప్పకు.

అక్కా,
కండక్టరు దగ్గర అట్టపెట్టె తీసుకో. నిండు మొక్క, వేరుతో, పూలతో.
నీ పరీక్ష పోతుందని భయమేసి, పొద్దున్నే వెళ్ళి కళ్ళు మూసుకుని మొత్తం చెప్పేశా. లారీ, నువ్వు, సోమవారం, అన్నీ. కళ్ళు తెరిస్తే నవ్వుతోంది.
"నీకు దగ్గు లేదని మొదటి రోజే తెలుసు. సీసాల మూత కూడా తియ్యకుండా టైర్ల మీద పేర్చావు, కౌంటర్లోకి కనబడుతూనే ఉన్నాయి" అంది.
"మరి కషాయం ఎందుకు?" అన్నా.
"చేదు తగిలితే అయినా నోరు తెరుస్తావేమో అని."
షాపు వెనక మిగిలిన ఒక్క మొక్కని తనే మట్టి తడిపి, వేరు తెగకుండా తీసిచ్చింది.
నీ తమ్ముడు
మర్చిపోయా: దగ్గు లేదని తెలిసిపోయింది. మొక్కలూ అయిపోయాయి. ఇప్పుడు రేపు ఏ వంక పెట్టుకుని వెళ్ళాలక్కా?