పిలవని పేరుకు జవాబు

ప్రియమైన అక్కకు తమ్ముడు కృపావరం వందనాలు. ప్రభువు దయవల్ల మేమిక్కడ బాగున్నాం. వేటపాలెంలో నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను పంపిన తైలంతో నీ మోకాళ్ల నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. నీ మరదలికి షుగరు కాస్త అదుపులోకి వచ్చింది. ఈ ఏడు మిరపకు పురుగు పట్టిందని ఇక్కడ అందరికీ దిగులే.

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉండగా సెమినరీ ప్రిన్సిపాల్ పదవి ఎందుకు వదిలేశావని అడిగావు. బోర్డుకు ఆరోగ్యం బాగాలేదని రాశాను. నీకు అబద్ధం రాయలేను.

జూలైలో మొదలైంది. పొద్దున ఆరాధనలో హాజరు నేనే పిలుస్తాను. నలభై ఒక్క మంది. ఒకరోజు యెషయా పేరు పిలిచాను, అతను పలికాడు; తరువాతి పేరు చూసేలోగా వెనక బెంచీ నుంచి "ఉన్నానండి" అని వినబడింది. తలెత్తితే ఆ బెంచీ ఖాళీ. విద్యార్థులెవరూ వెనక్కి తిరగలేదు. మర్నాడూ అదే చోట, అదే గొంతు. మృతులు పునరుత్థానం దాకా నిద్రిస్తారని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, పుస్తకమూ రాశాను. మూడోనాటికి ఆ గొంతు పోల్చుకున్నాను. యేసుపాదానిది.

అతను ఇదే సెమినరీలో నాతో చదివినవాడు, పర్చూరు దగ్గర పల్లె. గ్రీకులో నాకంటే చురుకు. బెంగుళూరులో పైచదువుకి ఒక్కటే సీటు, అది అతనికే వస్తుందని అందరికీ తెలుసు. పరీక్షల ముందు వాళ్ల నాన్నకు జబ్బు చేసింది. నేను క్లాసు లీడర్నని సెలవు చీటీ నా చేతికిచ్చి బస్సెక్కాడు.

అక్కా, ఆ చీటీ నేను ఆఫీసులో ఇవ్వలేదు.

చెప్పకుండా వెళ్లాడని అతని పేరు కొట్టేశారు. సీటు నాకొచ్చింది. జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబడిపోయినా నువ్వు నన్ను చదివించావు. ఒట్టి చేతులతో నీ ముందు నిలబడలేననుకున్నాను. లెక్చరర్ని, రిజిస్ట్రార్ని, ప్రిన్సిపాల్ని అయ్యాను. అతను ఆ ఏడే కౌలు చేలో పత్తికి మందు కొడుతూ పడి చనిపోయాడు.

పోయిన నెల వాళ్ల ఊరు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. వాళ్లమ్మ రాహేలమ్మ ఒక్కతే ఉంటుంది, వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను పేరు చెప్పకముందే అడిగింది:

"చీటీ తెచ్చారా అయ్యా?"

"నీకెవరు చెప్పారమ్మా?"

"వాడే. పొద్దున్నే మీ దగ్గరికి వెళ్లొస్తున్నాడుగా."

ముప్పై ఆరేళ్లుగా నా గ్రీకు కొత్త నిబంధన పుస్తకంలో దాచిన చీటీ తీసి చదివాను. 'నాన్నగారికి జబ్బు. అమ్మ ఒక్కతే ఉంది. పది రోజులు సెలవు ఇప్పించగలరు.' చేసిందంతా చెప్పాను. ఆమె తొడిమలు తీస్తూనే ఉంది.

"ఇప్పుడు మీరే పెద్దయ్యగారటగా. మరి సెలవిస్తారా?"

పెన్ను తీసి, మంజూరు అని రాసి సంతకం పెట్టాను. రాజీనామా మర్నాడు ఇచ్చాను.

ఆమె చీటీని కొంగున ముడేసుకుని లేచింది. లోపలికి వెళ్తూ, "కాళ్లు కడుక్కో నాయనా, అన్నం పెడతాను," అంది. నాతో కాదు. నేను మెట్టు దిగుతుంటే పెరట్లో ఎవరో చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్న చప్పుడైంది.

ఇది చదివాక కూడా నేను నీకు తమ్ముణ్ణే అనిపిస్తే జవాబు రాయి.

ఇట్లు,
నీ రెక్కల కష్టం తిని పెరిగిన తమ్ముడు,
కృపావరం