ముప్ఫయ్యో భాగంలో మా అన్న

మార్కాపురం, 9-8-2015. వంట, ఉతుకు, మంచినీళ్లు పట్టడం అయ్యాయి.

సీరియల్ ఆఫీసు వారికి నమస్కారం.

కొత్తదాన్నయినా నా కథ తీసుకుంటామన్నారు, సంతోషం. అయితే ఆ కథలో పలకల గనిలో దుమ్ము పీల్చి చనిపోయిన భర్తను ముప్ఫయ్యో భాగంలో బతికించి తెమ్మన్నారు. ఆయన మా అన్న. రాసేముందు మా వదిన ఎలీషబాను అడిగాను.

"రానీ వదినా, టీవీలోనన్నా వేళకు ఇంటికొస్తాడు" అని నవ్వింది.

రాసి చదివి వినిపించాను. ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చేచోట నన్ను ఆపింది.

"ఈయనెవరో. మీ అన్న దగ్గకుండా ఎప్పుడొచ్చినాడు?"

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ఆ భాగం నేను రాయలేను. మీరు పంపిన అడ్వాన్సు చెక్కు ఈ ఉత్తరంతో పెట్టాను. మీ బాకీ తీరింది.