కెమెరాకి పెట్టిన బొట్టు

కార్తీకం, మంగళవారం

గేటు కెమెరాలో బొమ్మ మసగ్గా వస్తోందని, బిగించిన సత్తిబాబుని మూడు వారాలుగా ఫోన్లో తిడుతూనే ఉన్నాను. నాసిరకం సరుకు అంటగట్టాడని వీధంతా చెప్పాను. నా మాట విని ఎదురింటి సీతగారు అతని చేత కెమెరా పెట్టించుకోవడం మానుకున్నారు.

ఈ రోజు నరసాపురం నుంచి వచ్చి నిచ్చెనెక్కాడు. అద్దం తుడిస్తే గుడ్డ పచ్చగా అయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. దసరా పూజకి స్కూటీకి, ఫ్రిజ్‌కి పసుపు రాసి బొట్టు పెట్టిన చేత్తోనే, స్టూలెక్కి మరీ కెమెరాకీ పెట్టాను.

అతను గుడ్డని చూశాడు, నన్ను చూశాడు.

"ఏంటయ్యా, కొత్తది అప్పుడే పాడైందా?" అంటూ మా ఆయన బయటికొచ్చారు.

"లేదండి. మంచు పట్టేసిందండి, తుడిచేశాను" అని గుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

నేను ఒప్పుకున్నానా? "అవునండి, ఈ మధ్య మంచు ఎక్కువే" అన్నాను. టీ ఇస్తానన్నా ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇందాక అతను గేటు దాటే వీడియో ఫోన్లో చూశాను. ఎంత తేటగా ఉందంటే, అతని వేళ్ళకంటిన పసుపు కూడా కనిపిస్తోంది.

రేపు సీతగారికి నిజం చెప్పాలి. ఆవిడకీ మంచు అనే చెబుతానేమోనని భయంగా ఉంది.