పాయ అవతల ఇసుకదిబ్బ

ప్రియమైన చెవిటి బావకు,

ఫోన్లో అరిస్తే మా వీధంతా లేస్తుంది, నీకు మాత్రం వినపడదు. అందుకే ఈ రాత. సెలవంతా నీ వెంట ఉప్పుగాలి తిన్నాను. మెటల్ డిటెక్టరు కూత నీకు అందదు కనక, దాని మీటరు ముల్లు ఊగుతోందేమోనని దానికేసే చూస్తూ నడుస్తావు. దొరికేవి సోడామూతలు! పాత నాణేలు కావాలంటే పాయ దాటి అవతలి ఇసుకదిబ్బ మీద వెతుకు. ఎందుకో నా మనసు చెబుతోంది.

నీ ముద్దుల బామ్మర్ది

ఒరేయ్ బామ్మర్దీ,

నీ నోట్లో పంచదార పొయ్య! దిబ్బ మీద ముల్లు ఆ చివరికెళ్ళి కొట్టుకుంది. తవ్వితే రెండు నాణేలు, నల్లగా, రాజుగారి ముక్కు అరిగిపోయి. ఆదివారం సముద్రం బాగా వెనక్కి పోతుంది. దిబ్బ కొనదాకా గాలించేస్తాను. మీ అక్కకు చెప్పావో, చంపుతాను.

నీ బావ

బావా,

వెళ్ళకు. అవి పాతసామాన్ల కొట్లో కొని, ఉప్పూ వెనిగరూ పట్టించి నేనే పాతాను. అక్కడ ఇంకేమీ లేవు. నీళ్ళు తిరిగొస్తే ముందు నిండేది నీ వెనకున్న పాయే. నీ కళ్ళు ముల్లు మీదుంటాయి, చెవులకు అల వినపడదు. అక్కకు ఫోన్ చేస్తే "ఇదేం కొత్త వేషంరా?" అని నవ్వి పెట్టేసింది. మళ్ళీ ఎత్తడం లేదు. ఇది ముందు బస్సు డ్రైవరుకిచ్చి, వెనక బస్సులో నేనొస్తున్నాను. వేళాకోళం కాదు, ఒట్టు.

నీ వెధవ బామ్మర్ది

ఒరేయ్ నాన్నా,

డ్రైవరు నీ ఉత్తరం తెచ్చేసరికి బూట్లు వేసుకుంటున్నాను. చదివి నవ్వాను. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి దిబ్బంతా నువ్వే తవ్వుకుపోదామని ఎత్తు వేశావనుకున్నాను. ఇంకా తొందరగా వెళ్ళాను.

ముల్లు మీంచి తలెత్తితే పాయలో నువ్వు, గొంతుదాకా నీళ్ళు. చేతులూపుతుంటే వెక్కిరిస్తున్నావనుకున్నాను. ఈత రానివాడివి, ఎందుకు దిగావురా? జుట్టు పట్టి లాగేసరికి నీ ఒంట్లో కదలిక లేదు. జాలర్లు మనిద్దరినీ పడవలోకి ఎక్కించారు.

ఆసుపత్రిలో నీ మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇందాక డాక్టరు మీ అక్కతో చాలాసేపు మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. ఏమన్నాడో నాకు కాగితం మీద రాయాలని ఇప్పుడు చెయ్యి చాపుతోంది. గదిలో ఉన్నది ఈ ఒక్క పెన్నే. ఇవ్వడానికి భయంగా ఉందిరా.

అందుకే రాస్తూనే ఉన్నాను.

నీ బావ