గోడ అవతలి ఆదివారాలు

రుఆబాంధా, భిలాయి
నవంబరు 17

అమ్మా,

నీ రేఖని. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని కంగారుపడకు. ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెడతాడు, ఇద్దరూ ఒకేసారి వింటారు. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

ప్రతి ఆదివారం నాన్న అడిగేవి అవే ప్రశ్నలు. ఎక్కడెక్కడ తిరిగావు, ఎవరితో వెళ్ళావు, ఏం తిన్నావు అని. సివిక్ సెంటర్‌కి స్నేహితులతో వెళ్ళానని, దసరాల్లో ఆరుగురం కలిసి దుర్గమ్మ పందిళ్ళన్నీ చూశామని చెప్పాను. అబద్ధాలమ్మా. పందిళ్ళు చూసిన మాట నిజమే, కానీ ఒక్కదాన్నే వెళ్ళాను. దీపాల కింద అందరూ భుజాల మీద చేతులేసుకుని ఫొటోలు దిగుతున్నారు. ఎవరో అమ్మాయి తన ఫోన్ నా చేతికిచ్చి, వాళ్ళ గుంపుని ఫొటో తియ్యమంది. తీశాను. బాగా వచ్చిందంది. ఆ రోజంతా నాతో మాట్లాడిన మనిషి ఆ అమ్మాయే.

కాలేజీలో చేరిన మొదటి వారం ఒక్కొక్కరినీ లేచి తమ గురించి చెప్పుకోమన్నారు. నేను హిందీలో "మై పలాస సే ఆయా హూ" అన్నాను. ఆడపిల్లయితే "ఆయీ" అనాలట. మగపిల్లాడిలా మాట్లాడానని క్లాసంతా నవ్వింది. వాళ్ళేం చెడ్డవాళ్ళు కారు, మర్నాటికి మరిచిపోయారు. నేనే మరిచిపోలేదు. అప్పటినుంచి నోరు విప్పే ముందు ప్రతి మాటా ఆడదో మగదో చూసుకుంటాను. అది తేలేసరికి వాళ్ళ కబుర్లు ఇంకెక్కడికో వెళ్ళిపోతాయి. క్యాంటీన్‌కి రమ్మని కొన్నాళ్ళు పిలిచారు. చదువుకోవాలని చెప్పేదాన్ని. ఇప్పుడు పిలవడం మానేశారు. హాస్టల్లో నా గదిలో ఉండే మనీషాది దగ్గర్లోని బాలోద్. మంచి పిల్ల. కానీ శనివారం కాగానే వాళ్ళింటికి బస్సెక్కుతుంది. మీ ఫోన్ తప్పితే, సోమవారం దాకా నా గొంతు నాకే వినబడదు.

కాలేజీ రోజులు మళ్ళీ రావని, అంత సందడి ఊళ్ళో ఉండి గదిలో కూర్చునేవాళ్ళు వెర్రివాళ్ళని నాన్న అంటాడు. శ్రీకాకుళంలో సీటు వచ్చినా వద్దని నన్నిక్కడ చేర్చింది అందుకే కదా. పెళ్ళికి ముందు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తూ తొమ్మిదేళ్ళు ఇక్కడే ఉన్నాడు. అప్పటి కథలు వింటూనే నేను పెరిగాను. అన్ని కథల్లోనూ నాన్న ప్రాణస్నేహితుడు గోపాలం ఉంటాడు. అందుకే పోయిన ఆదివారం, ఈ ఊళ్ళో మనవాళ్ళంటూ ఒకరైనా ఉన్నారు కదా అనుకుని, ఆటో ఎక్కి పవర్ హౌస్ సెంటర్‌లో దిగి, అక్కడినుంచి క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీకి నడిచాను. తెలుగువాళ్ళ దుకాణంలో అడిగితే ఇల్లు చూపించారు.

గోపాలం గారికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. గుమ్మంలో మంచం వేసుకుని కూర్చున్నాడు. నేను పలాస బలరాం కూతుర్నని చెప్పి కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"ఏ బలరామమ్మా? నాకు గేపకం రావట్లేదు."

ఎక్కడో పొరపాటు పడ్డాననుకున్నాను. నాన్న ఎప్పుడూ చెప్పే కథలో, దుర్గమ్మ ఊరేగింపులో చెప్పు పోతే రెండోది నెత్తిన పెట్టుకుని నాట్యం చేసింది మీరే కదా అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజు ఎవరెవరున్నారో వేళ్ళు మడిచి చెప్పాడు. నలుగురు. అందులో నాన్న లేడు. వేసవిలో డాబా మీద వండుకున్న కోడికూర సంగతి అడిగాను. అదీ జరిగింది. అందులోనూ నాన్న లేడు.

అప్పుడు లోపల్నుంచి ఆయన భార్య కన్నమ్మ వచ్చింది. "ఆ బలరామా! మన పక్క గదిలో ఉండేవోడు కాదేటి, సన్నగా. పలకరిత్తే నవ్వీసి లోపలికెళిపోయేవోడు" అంది. నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. గోపాలం గారు నన్ను బాధపెట్టానేమో అనుకున్నట్టున్నాడు, వయసు మీద పడితే ఏవీ గుర్తుండవని రెండు మూడుసార్లు అన్నాడు.

అమ్మా, నాన్న ఇక్కడ తొమ్మిదేళ్ళు ఒంటరిగా ఉన్నాడు. తిరిగొచ్చే దారిలో నాకు ఇంకే ఆలోచనా రాలేదు. నాన్న మీద కోపం రాలేదు. నాకు ఆరు నెలలకే ఇలా ఉంటే, తొమ్మిదేళ్ళు ఎలా ఉన్నాడా అనిపించింది.

డిసెంబరు పరీక్షలవగానే వచ్చేస్తాను. ఇక్కడి నీళ్ళు పడలేదని చెబుదాం. గోపాలం సంగతి మాత్రం నాన్నకి ఎప్పటికీ తెలియకూడదు. ఆ కథలు నాన్న చెబుతూనే ఉండాలి, మనం వింటూనే ఉండాలి.

నీ
భాగ్యరేఖ

*

పలాస
నవంబరు 24

చిట్టితల్లీ,

నువ్వు అమ్మకి రాసిన ఉత్తరానికి నేను జవాబు రాస్తున్నానంటే సంగతి నీకు అర్థమయ్యే ఉంటుంది. మీ అమ్మ తప్పు లేదు. తను పనిచేసే జీడి ఫ్యాక్టరీలో కళ్ళజోడు జారిపడి పగిలింది, కొత్తది ఇంకా రాలేదు. కవరు నాకిచ్చి చదవమంది. ఒక్కదానివే చదువుకోమన్న చోటే నేను ఆగాను. "సదువు, నీకు తెలీకుండా నాకేటున్నాయి" అంది.

గోపాలం పేరు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆగాను. ఆ పేజీ దాటేసి కింద చదివినా మీ అమ్మకి తెలిసేది కాదు. దాటేద్దామనే అనుకున్నాను కూడా. కానీ నువ్వు ఆరు నెలలు దాచి, ఇక మోయలేక రాశావు. నేను ఇరవై ఏళ్ళు దాచాను. అందుకని ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివాను. మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడుక్కుని వచ్చి, "మరి నాకైనా ఎందుకు సెప్పనేదు" అని మాత్రం అడిగింది. ఆమెకి చెప్పిందే నీకూ చెబుతున్నాను.

మా గదులకి మధ్య రేకు గోడ. ఆదివారాలు గోపాలం ఇంట్లో నలుగురైదుగురు చేరేవాళ్ళు. వారమంతా ఎక్కడ తిరిగారో, ఏం చేశారో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నేను ఇవతల మంచం మీద పడుకుని వినేవాణ్ణి. ఒక్కోసారి వాళ్ళతోపాటు నవ్వేవాణ్ణి కూడా, పైకి వినబడకుండా. భిలాయి వదిలి వచ్చాక, అక్కడ ఎలా ఉండేదని పెళ్ళికొత్తలో మీ అమ్మ అడిగింది. రేకుల గది, డ్యూటీ, నిద్ర అని ఏం చెబుతాను? వాళ్ళ కథ ఒకటి చెప్పాను. ఆమె నవ్వింది. తర్వాత నువ్వు పుట్టావు, నువ్వూ నవ్వావు. చెప్పగా చెప్పగా నేను కూడా అక్కడే ఉన్నాననిపించింది.

ఒక్క మాట నీకు చెప్పాలి. గోపాలం నన్ను పిలవకపోలేదు. మొదటి రోజుల్లో రెండుసార్లు రేకు మీద కొట్టి రమ్మన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, బట్టలు ఉతుక్కోవాలన్నాను. మూడోసారి పిలవలేదు. ఇక మనమే వెళ్ళాలని నాకు తట్టడానికి తొమ్మిదేళ్ళూ చాలలేదు. గోపాలం మరిచిపోయాడని నాకు బాధ లేదు. గుర్తుంచుకోవడానికి నేనేం మిగిల్చాను కనక.

నేను బతకని రోజుల్ని నువ్వు బతకాలని నిన్ను అక్కడికి పంపాను. ఆదివారం ఆదివారం లెక్క అడిగినట్టు అడిగాను. నువ్వు అబద్ధం చెప్పాల్సి వచ్చింది నా మూలానే. ఇక అడగను. రావాలనుంటే వచ్చెయ్. నీళ్ళు పడలేదని ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉండాలనుంటే ఉండు, నా కోసం మాత్రం వద్దు.

గురువారం మేమిద్దరం బయలుదేరుతున్నాం. మీ అమ్మ ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. చూపించడానికి నాకు తెలిసింది ప్లాంట్ గేటూ, ఆ గదీ. మిగతా ఊరంతా మా ఇద్దరికీ కొత్తే. దారి అడగాల్సిన చోటల్లా నువ్వే అడగాలి. నా హిందీ విని జనం ఇప్పటికీ నవ్వుతారు, నవ్వనీ.

వెళ్ళేది పిల్లని తీసుకురావడానికా, అక్కడే ఉంచి రావడానికా అని మీ అమ్మ టిక్కెట్ల దగ్గర అడిగింది. నాకు తెలియదన్నాను. తిరుగు ప్రయాణానికి ఇంకా టిక్కెట్లు తీయలేదు.

మీ నాన్న
బలరాం