మీటరు మీద బొట్టుబిళ్ల

మంగళవారం, రాత్రి

అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు కంపులో కారు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, మీటరు మీద అంటించి ఉన్న నా బొట్టుబిళ్ల పీకాడు. దాని కింద ఇంజిన్ వార్నింగ్ లైటు వెలుగుతోంది!

ఇంటికొచ్చి, ఆ కార్లోనే జనాన్ని తిప్పి ప్లాట్లు అమ్మే మా ఆయన్ని నిలదీస్తే సిగ్గు లేకుండా నవ్వాడు.

"ప్లాట్లు జూడనీకి వచ్చినోళ్లు గా లైటు జూసి పరేషానైతుండ్రు. కారే సక్కగ లేదు, ఇగ ప్లాటేం సక్కగుంటదనుకుంటరు. గందుకే అంటించిన."

"మరి రిపేరు?"

"బిళ్లతోని పనైతుంటే రిపేరెందుకే?"

నడవలేని అమ్మను ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టాను. ఈయనకు బిళ్లతో పనైపోయిందట! ఒళ్లు మండిపోతోంది.

పడుకున్నా నిద్ర రావడం లేదు. పోయినేడాది మా తమ్ముడికి శామీర్‌పేటలో ప్లాటు ఇప్పించిందీ ఈయనే. దాని మీద ఏ బిళ్ల అంటించాడో...